సింగింగ్ ఇన్ ద రెయిన్: క్యాసెట్టు అద్దెకి తెచ్చుకుని చూసినవాళ్ళు రండి

రీలుబాబు:
ఈ సినిమా గురించి తెలుగులో ఎక్కడ చదివినా అద్భుతం, క్లాసిక్, వానలో జీన్ కెల్లీ డాన్సు అని నాలుగు ముక్కలు రాసి ఆపేస్తున్నారు. అసలది మన దాకా ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ రాయట్లేదు. 1952లో హాల్లో చూసినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు కదా. మనలో చాలామందికి ఇది అద్దె క్యాసెట్టు సినిమా, అమెరికా వెళ్ళినవాళ్ళకైతే వీడియో షాపులో మ్యూజికల్స్ అని రాసున్న అరలో దొరికిన సినిమా.

నా నమ్మకం ఏంటంటే, దీనికి ఇవాళున్న పేరులో పెద్ద వాటా ఇళ్ళల్లో వెనక్కి తిప్పి తిప్పి చూసినవాళ్ళదే. విడుదలైనప్పుడు బానే ఆడింది, తీసిన స్టూడియో ఎంజీఎంకి డబ్బులొచ్చాయి, కానీ అప్పట్లో దీన్ని ఇంత నెత్తిన పెట్టుకోలేదు. సరిగ్గా దానికి వారం ముందే అదే కెల్లీ, అదే నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ తీసిన యాన్ అమెరికన్ ఇన్ పారిస్‌కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. దీనికి రెండే నామినేషన్లు, ఒకటి సంగీతానికి, ఒకటి జీన్ హేగన్‌కి సహాయనటిగా, రెండూ రాలేదు. అలాంటిది 1989లో కాపాడుకోవాల్సిన సినిమాల జాబితాగా అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ మొదలెట్టినప్పుడు మొట్టమొదటి 25 సినిమాల్లోనే దీన్ని పెట్టారు, 2007లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన గొప్ప అమెరికన్ సినిమాల జాబితాలో అయిదోది అయింది. ఆ మధ్యలో టీవీ ఉంది, 1974లో ఎంజీఎం పాత పాటలన్నీ కలిపి తీసిన దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ ఉంది, ఆ తర్వాత క్యాసెట్లు. నేను ఆ క్యాసెట్ల గురించే అడుగుతున్నా. ఎక్కడ చూశారు, ఏ సీను దగ్గర వెనక్కి తిప్పారు, ఏం కనిపించింది, తీరిగ్గా రాయండి.

కౌంటర్‌వెనక:
బాబు గారూ ఇది నా టాపిక్కు. తొంభైల మొదట్లో ఎంఎస్ చేసేటప్పుడు సాయంత్రాలు ఒక వీడియో షాపులో పనిచేశాను, యూనివర్సిటీ ఊరు, చిన్న షాపు, పేరు వద్దులెండి. ఆ వ్యాపారం ఎలా నడిచేదో ముందు చెప్తాను, ఎందుకంటే పాత సినిమాలు బతకడానికి అసలు కారణం అక్కడుంది. కొత్త సినిమా క్యాసెట్టు షాపుకి 80, 90 డాలర్లు పడేది, అద్దెల మీదే రాబట్టుకోవాలి కాబట్టి ఒక్క రాత్రికే ఇచ్చేవాళ్ళు, తెల్లారి రాకపోతే లేట్ ఫీజు. పాత సినిమాల క్యాసెట్లు అలా కాదు, వాటిని జనం కొనుక్కోవాలని కంపెనీలే 20 డాలర్ల చుట్టుపక్కల అమ్మేవి. అందుకని చిన్న షాపు కూడా ధైర్యంగా కొని అరలో పెట్టుకోగలిగేది, అద్దె తక్కువ, వారం దాకా ఉంచుకోనిచ్చేవాళ్ళం. వారం పాటు ఇంట్లో ఉన్న సినిమాని ఎవరూ ఒక్కసారి చూసి వదలరు కదా, పిల్లలున్న ఇంట్లో అసలు వదలరు.

ఎవరు తీసుకెళ్ళేవాళ్ళు అంటే, ఒకటి పెద్దవయసు దంపతులు, వీళ్ళు శుక్రవారం సాయంత్రం వచ్చి నేరుగా ఆ అర దగ్గరికే వెళ్ళేవాళ్ళు. రెండోది ట్యాప్ డాన్స్ క్లాసులకి వెళ్ళే పిల్లల తల్లులు. మూడోది హైస్కూల్లో నాటకాలు వేయించే టీచర్లు, వాళ్ళు గుడ్ మార్నింగ్ పాట కోసమే తీసుకెళ్ళేవాళ్ళు, ముగ్గురు కలిసి ఒకే అడుగు వేయడం పిల్లలకి చూపించడానికి. తిరిగొచ్చిన క్యాసెట్టు ఆడించి చూస్తే ఎక్కడ ఎక్కువ చూశారో తెలిసిపోయేది. వీహెచ్ఎస్ క్యాసెట్టులో పాజ్ నొక్కితే టేపు కదలకుండా నిలబడుతుంది కానీ టేపుని చదివే హెడ్డు డ్రమ్ము దాని మీద అదే చోట గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, అయస్కాంతం పూత అక్కడే అరిగిపోతుంది. మా షాపు కాపీలో డొనాల్డ్ ఓకానర్ మేక్ ఎమ్ లాఫ్ పాటలో గోడ మీదికి పరిగెత్తి పల్టీ కొట్టే చోట తెల్లటి గీతలు వచ్చేసేవి. మిగతా సినిమా శుభ్రంగా ఉండేది. జనం అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి చూశారన్నమాట, ఎలా చేశాడ్రా ఇతను అని.

వాల్‌తేరుపిల్ల:
అన్నయ్య గారూ మీది అమెరికా షాపు, మాది వైజాగ్. ఎనభైల్లో మా వీధిలో సొంత వీసీఆర్ ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో, మిగతావాళ్ళం కలర్ టీవీతో సహా రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళం, షాపు కుర్రాడు రిక్షాలో తెచ్చి వైర్లు తగిలించి వెళ్ళేవాడు. రాత్రికి మూడు సినిమాలు, రెండు తెలుగు ఒకటి హిందీ, అద్దె గిట్టాలంటే తెల్లారేదాకా చూడాల్సిందే. నేవీ వాళ్ళు ఎక్కువ కాబట్టి మా ఊరి వీడియో లైబ్రరీల్లో ఇంగ్లీషు క్యాసెట్లు కూడా కొంచెం మంచివే ఉండేవి. మా పెదనాన్నగారు పోర్టులో పనిచేసేవారు, ఆయనే ఒకసారి హిందీ సినిమా బదులు ఇది పట్టుకొచ్చారు, పిల్లలు పేచీ పెట్టినా వినలేదు.

మాకు ఇంగ్లీషు సగం కూడా అర్థం కాలేదు, కానీ ఆ గోడ పల్టీలకీ, ముగ్గురూ కలిసి సోఫా తిరగేసుకుని పడిపోవడానికీ నవ్వని వాళ్ళు లేరు, మా నాయనమ్మతో సహా. ఆవిడకి అన్నిటికంటే నచ్చింది మైకు సీను. కథలో మూకీ స్టార్ లీనా లామాంట్ ముందు పొదలో మైకు పెడతారు, ఆవిడ తల అటూ ఇటూ తిప్పుతుంటే ఒక మాట వినపడుతుంది ఒకటి వినపడదు, తర్వాత జాకెట్లో దాస్తే గుండె చప్పుడు వస్తుంది. నాయనమ్మ ఆ సీను మళ్ళీ పెట్టమని అడిగారు. మేం చూసింది కాపీకి కాపీ, మొదట్లో ముగ్గురూ గొడుగులు పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడతారు చూడండి, ఆ పసుపు రెయిన్‌కోట్లు మా టీవీలో తెల్లగా కనిపించాయి. చాలా ఏళ్ళ తర్వాత డీవీడీలో ఆ పసుపు చూసి ఊపిరి ఆగినంత పనైంది.

ఇంకొకటి, సముద్రం గాలికి మా దగ్గర క్యాసెట్లకి బూజు పట్టేసేది. లైబ్రరీ ఆయన క్యాసెట్టు మూత ఎత్తి టేపు మీద తెల్ల మచ్చలున్నాయేమో చూసి మరీ ఇచ్చేవాడు, లేకపోతే హెడ్డు పాడవుతుందని.

చార్మినార్_చాయ్:
మస్తు రాసిండ్రు అందరు. నేను జూసింది హైదరాబాద్‌ల, కాలేజ్ టైంల, దోస్తు వాళ్ళింట్ల. నాకు ఆ వాన పాటనే పాణం. గొడుగు మూసి పక్కన వెట్టి తూము కింద మొకం వెట్టి నిలవడ్తడు గద, ఆఖరికి పోలీసాయన వచ్చి జూస్తే గొడుగు ఇంకెవరికో ఇచ్చి నడుసుకుంట పోతడు, గా నడక సుత డాన్సే. నేనొక దగ్గర సదివిన, వాన కెమెరాల కనవడాలని నీళ్ళల్ల పాలు కలిపిన్రట, నిజమేనా? ఇంకోటి జ్వరం సంగతి, అప్పుడు కెల్లీకి 103 డిగ్రీల జ్వరం ఉండెనంట.

టెక్నికలర్:
జ్వరం సంగతి నిజమే భయ్యా. పాల కథ మాత్రం నిజం కాదు. వాన కనపడాలంటే వెనక నుంచి లైటు కొట్టాలి, ముందు నుంచి ఎంత వెలుగు వేసినా చినుకులు కనపడవు. కెమెరామన్ హెరాల్డ్ రాసన్ చేసింది అదే, పైగా షాపుల అద్దాల్లో మళ్ళీ లైట్లు కనపడకుండా చూసుకోవాలి, అదీ కష్టమైన పని. పగలే తీశారు, వీధి సెట్టు మొత్తం నల్ల టార్పాలిన్లు కప్పి రాత్రి చేశారు. నీటి గుంటలు కూడా ఉత్తినే ఏర్పడినవి కాదు, కెల్లీ ఎక్కడ కాలు వేస్తాడో లెక్క చూసుకుని అక్కడక్కడే తవ్వించారు. ఉన్ని సూటు తడిసి కుంచించుకుపోయేది. ఇవన్నీ తెలిశాక ఆ పాట మళ్ళీ చూడండి, ఇంత కొలత వేసుకున్న మనిషి ఎంత తేలిగ్గా ఉన్నట్టు కనిపిస్తాడో. వాన చాలా సినిమాల్లో ఉంది, ఆ తేలిక ఎక్కడా లేదు.

పాట కొత్తది కూడా కాదు, 1929లో హాలీవుడ్ రెవ్యూ అనే సినిమాలోది. ఆర్థర్ ఫ్రీడ్ నిర్మాత కాకముందు పాటల రచయిత, నాసియో హెర్బ్ బ్రౌన్ బాణీలు. వాళ్ళిద్దరి పాత పాటల కట్ట తీసి రచయితలు బెటీ కామ్‌డెన్, అడాల్ఫ్ గ్రీన్ చేతిలో పెట్టి వీటి చుట్టూ కథ అల్లండి అన్నారు. ఆ పాటలు మూకీ నుంచి టాకీకి మారే రోజులవి కాబట్టి వీళ్ళు కథ కూడా ఆ రోజుల్లోనే పెట్టారు. పాటలు ముందు, కథ తర్వాత.

కొత్తమొహం:
హాయ్ అందరికీ, నేను 2001లో పుట్టాను కాబట్టి క్యాసెట్టు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఈ సినిమా క్లిప్పులు ఫోన్లో చూశాను, ఫుల్ సినిమా ఇంకా చూడలేదు. నాదొక డౌటు. పాత టీవీలు చదరంగా ఉండేవి కదా, మరి క్యాసెట్లలో సినిమాకి రెండు పక్కలా కత్తిరించేసేవాళ్ళని చదివాను, అలాంటప్పుడు డాన్సు సినిమాలు అద్దెకి తెచ్చుకుని ఎలా చూసేవాళ్ళు? సగం మంది కనపడరు కదా?

టెక్నికలర్:
మంచి ప్రశ్న తమ్ముడూ, ఈ థ్రెడ్డులో అసలు సంగతి ఇదే అనుకుంటాను. సింగింగ్ ఇన్ ద రెయిన్‌ని ఏమీ కత్తిరించలేదు, కత్తిరించాల్సిన అవసరమే రాలేదు. 1952 నాటికి హాలీవుడ్ సినిమా తెర దాదాపు పాత టీవీ ఆకారంలోనే ఉండేది, 1.37కి 1. టీవీ 1.33. అంటే క్యాసెట్టులో ఈ సినిమా దాదాపు పూర్తి ఫ్రేముతో వచ్చింది. మరుసటి ఏడాదే, 1953లో, సినిమాస్కోప్ వచ్చింది, టీవీతో పోటీ కోసం తెరని వెడల్పు చేశారు. సినిమా ఒక్క ఏడాది ఆలస్యంగా తీసి ఉంటే మనం అద్దె క్యాసెట్టులో చూసింది వేరే సినిమా అయ్యేది, ఇది నేను గట్టిగా చెప్తాను.

ఉదాహరణ చూడు. కెల్లీతో కలిసి ఈ సినిమాకి దర్శకత్వం చేసిన స్టాన్లీ డోనెనే 1954లో సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్ తీశాడు, సినిమాస్కోప్. అందులో కొట్టం కట్టే చోట పెద్ద డాన్సు ఉంటుంది, అన్నదమ్ములు ఒక వరస, ఊరి కుర్రాళ్ళు ఒక వరస, మధ్యలో అమ్మాయిలు, తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా జనమే. దాన్ని టీవీకి సరిపెట్టాలంటే సగం మందిని వదిలేయాలి, లేదా ఫ్రేమ్‌ని ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోవాలి. ఆ జరపడం కొరియోగ్రాఫర్ వేసింది కాదు, కెమెరామన్ చేసింది కాదు, తర్వాత ఎక్కడో వీడియో ల్యాబులో చేసింది. మైకేల్ కిడ్ కూర్చిన లెక్క అంతా పోతుంది. ఇంకా ఘోరం 1955లో కెల్లీ, డోనెన్ కలిసి తీసిన ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్. ముగ్గురు స్నేహితులు, కాళ్ళకి చెత్తడబ్బా మూతలు తొడుక్కుని వీధిలో ట్యాప్ చేస్తారు, ఇంకో చోట తెరని మూడు ముక్కలు చేసి ముగ్గురినీ ఒకేసారి చూపిస్తారు. దాన్ని చదరం టీవీలో పెడితే ఏమవుతుందో ఊహించుకో.

ఇక కెల్లీ పద్ధతి ఏంటంటే డాన్సర్‌ని తల నుంచి పాదం దాకా చూపించాలి, మధ్యలో కట్ చేయకూడదు. ఇంకో డాన్స్ స్టార్ ఫ్రెడ్ ఆస్టేర్ ముప్పైల నుంచీ పట్టుబట్టింది అదే. అందుకే ఇంట్లో చిన్న తెర మీద కూడా పాదాలు కనిపిస్తాయి, ఒక్కో అడుగూ లెక్కపెట్టొచ్చు, వెనక్కి తిప్పితే ఎడిటింగ్ మాయ ఏమీ దొరకదు, మనిషి నిజంగానే చేశాడని తెలుస్తుంది. కౌంటర్‌వెనక గారు చెప్పిన ఆ అరిగిపోయిన చోటు ఉంది చూశావా, జనం అక్కడ ఆపింది అందుకే. మోసం ఎక్కడుందా అని వెతికారు, దొరకలేదు.

సీమసందు:
అన్నీ బాగుండాయి గానీ నాకొకటి చెప్పండప్పా. చివర్లో ఆ బ్రాడ్‌వే మెలొడీ బ్యాలే ఎందుకు అంత పొడుగు? పదమూడు నిమిషాల దాకా ఉంటాది. కథ బాగా పరుగెత్తుతాండగా, సినిమా రేపు విడుదల అన్నట్టుగా ఉండగా, కెల్లీ వచ్చి నాకొక ఐడియా వచ్చింది అని మొదలుపెట్టి కథతో సంబంధం లేని ఇంకో సినిమా చూపిస్తాడు. మేం కర్నూల్లో క్యాసెట్టు తెచ్చుకున్న ప్రతిసారీ అక్కడ ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టేవాళ్ళం, మా ఇంట్లోనే కాదు, అడిగిన ప్రతి ఒక్కరూ అదే చెప్పినారు. అద్దెకి తెచ్చుకున్నోళ్ళకి ఆ హక్కు ఉంది, హాల్లో కూర్చున్నోళ్ళకి లేదు. నా మాట ఏమంటే ఈ సినిమా ఆ బ్యాలే లేకుంటే ఇంకా గట్టిగా ఉండేది.

నిద్రరాదు:
అన్నా నేను మాత్రం ఒప్పుకోను. మిగతా సినిమా మొత్తం ఎలా తీశారో చూపిస్తుంది, మైకు ఎక్కడ, లైటు ఎక్కడ, గాలి ఫ్యాను ఎక్కడ అని. యూ వర్ మెంట్ ఫర్ మీ పాటలో అయితే ఖాళీ స్టేజీ మీద నిచ్చెన వేసి, రంగు లైట్లు వెలిగించి, ఫ్యాను పెట్టి మన కళ్ళ ముందే మాయ తయారు చేస్తాడు. ఆ తర్వాత బ్యాలేలో ఆ పనిముట్లన్నీ దాచేసి పూర్తి మాయ చూపిస్తాడు. డాన్సర్ సిడ్ ఛారిస్ పొడుగాటి తెల్ల పట్టుగుడ్డ కట్టుకుని వస్తుంది, అది గాలికి ఆకాశంలోకి లేస్తుంది, ఆ గాలి కూడా పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి వదిలిందే, గుడ్డ ఎప్పుడు పైకి లేవాలో, ఎప్పుడు చుట్టుకోవాలో అంతా అడుగులతో పాటు లెక్క. ఆ ఆకుపచ్చ డ్రెస్సులో మొదటిసారి కాలు చాపి టోపీ అందించే చోటు ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టారా నిజంగా? దయచేసి ఈసారి కొట్టకండి. పైగా అంతా అయ్యాక కథలో నిర్మాత సింప్సన్ ఏమంటాడు, నాకు కళ్ళకి కట్టట్లేదు, తీశాక చూడాలి అంటాడు. అంటే తీసినవాళ్ళకి మీ ప్రశ్న ముందే తెలుసు అన్నా.

సీమసందు:
ఆ నిర్మాత మాట బాగా గుర్తుంది, నవ్వుకున్నాము కూడా. గుడ్డ సంగతి మాత్రం ఈసారి చూస్తాను. పొడుగు మాట మాత్రం వదల్ను.

డబ్బింగ్‌గొంతు:
నేను కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లో డబ్బింగ్ చెప్తున్నాను, ఎక్కువ సీరియళ్ళకి, కొన్ని సినిమాలకి. ఈ సినిమా నాకు మా సీనియర్ ఒకావిడ చూపించారు, డీవీడీ అద్దెకి తెచ్చి, ఇది చూస్తే మన పని ఏంటో నీకు తెలుస్తుంది అన్నారు. కథ తెలుసుగా, లీనా లామాంట్ మూకీల్లో పెద్ద స్టార్, గొంతు మాత్రం చెవులు మూసుకునేలా ఉంటుంది. టాకీ వచ్చేసరికి ఆవిడకి కేథీ అనే అమ్మాయి తెర వెనక నుంచి గొంతిస్తుంది, లీనా ఆ అమ్మాయి పేరు బయటికి రాకుండా తొక్కేయాలని చూస్తుంది. చివర్లో తెర లాగేస్తారు, అసలు పాడేది ఎవరో జనానికి కనపడుతుంది. ఆ సీనులో నేను ఏడ్చాను, ఇప్పటికీ ఏడుస్తాను.

కానీ నేను రాయాలనుకున్నది దాని వెనక ఉన్నది. కేథీగా వేసిన డెబ్బీ రేనాల్డ్స్ అప్పటికి 19 ఏళ్ళ పిల్ల. సినిమాలో ఆ అమ్మాయి లీనాకి వుడ్ యూ అనే పాట డబ్బింగ్ చెప్తుంది కదా, అక్కడ వినపడే గొంతు డెబ్బీది కాదు, బెటీ నోయెస్ అనే గాయనిది. టైటిల్స్‌లో ఆవిడ పేరు లేదు. ఇంకా ఉంది. లీనాకి కేథీ మాటలు డబ్బింగ్ చెప్పే చోట తెర మీద మృదువుగా వినపడే ఆ గొంతు కూడా డెబ్బీది కాదు, అది జీన్ హేగన్ సొంత గొంతు! అంటే లీనాగా చెవులు చిల్లులు పడేలా అరిచిన నటి అసలు గొంతు అంత బాగుంటుంది. హేగన్‌కి డెబ్బీ గొంతిస్తున్నట్టు కథ, నిజానికి డెబ్బీకి హేగన్ గొంతిస్తోంది. ఇంటికి తెచ్చుకున్న డిస్కు కాబట్టి నేను కళ్ళు మూసుకుని ఆ సీను విన్నాను, మళ్ళీ వెనక్కి వెళ్ళి లీనా మామూలు డైలాగు విన్నాను, రెండూ ఒకే మనిషివి అని చెవికి తెలిసేదాకా. హాల్లో ఒక్కసారి చూస్తే ఇది దొరకదు. హేగన్‌కి ఆ ఆస్కార్ రాకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మనవాళ్ళకి ఈ కథ పరాయిది కాదు. 1932లో భక్త ప్రహ్లాద వచ్చినప్పుడు సురభి కమలాబాయి గారి లాంటి వాళ్ళు నటిస్తూ తమ పాటలు తామే పాడుకున్నారు, గొంతు లేకపోతే వేషం లేదు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, ఆ తర్వాత మాటలకి కూడా వేరే గొంతులొచ్చాయి. సరిత గారు, రోజారమణి గారు ఎంతమంది హీరోయిన్లకి మాట ఇచ్చారో ప్రేక్షకుల్లో ఎంతమందికి తెలుసు? మనకి కనీసం నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి ఒక విభాగం పెట్టారు. బెటీ నోయెస్‌కి అదీ లేదు. ఈ థ్రెడ్డు చదివేవాళ్ళు ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి చాలు.

చార్మినార్_చాయ్:
అక్కా మీ పోస్టు సదివి గా సీను మళ్ళ పెట్టుకుని ఇన్న. నిజంగ రెండు గొంతులు ఒకామెవే. ఇన్నేండ్లు జూసినా తెల్వలే.

వాల్‌తేరుపిల్ల:
డెబ్బీ రేనాల్డ్స్ గురించి ఒక మాట కలుపుతాను. ఆ అమ్మాయి జిమ్నాస్టిక్స్ చేసింది గానీ డాన్సర్ కాదు, కెల్లీ, ఓకానర్ చిన్నప్పటి నుంచీ డాన్సులోనే పెరిగినవాళ్ళు, వాళ్ళ పక్కన నిలబడాలి. కెల్లీ రిహార్సల్లో చాలా కఠినంగా ఉండేవాడట, ఒకరోజు పియానో కింద కూర్చుని ఏడుస్తుంటే ఫ్రెడ్ ఆస్టేర్ చూసి తన రిహార్సల్‌కి తీసుకెళ్ళి, ఎంత కష్టపడితే వస్తుందో చూడు అని చూపించాడని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. గుడ్ మార్నింగ్ పాట పొద్దున్న మొదలుపెట్టి రాత్రి దాకా తీశారు, కాళ్ళు రక్తం కారాయి. మా అమ్మాయికి కూచిపూడి నేర్పిస్తున్నాను, అడుగు తప్పి ఏడ్చిన రోజు ఈ పాటే పెడతాను. మధ్యలో ఉన్న ఆ అమ్మాయి మొహం చూడు, ఎక్కడైనా కష్టం కనపడుతోందా అని అడుగుతాను.

రీలుబాబు:
ఎంత బాగా రాస్తున్నారండీ. క్యాసెట్ల గురించి నాదొక అనుభవం కూడా చెప్పాలి. మా బాబాయి న్యూజెర్సీ నుంచి వస్తూ ఈ సినిమా ఒరిజినల్ క్యాసెట్టు కొనుక్కొచ్చాడు, విజయవాడలో మా వీసీఆర్‌లో పెడితే బొమ్మ పైకి జారిపోతూ, రంగు లేకుండా వచ్చింది. టీవీ సిగ్నల్ పద్ధతులు వేరు, అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ, మనవి పాల్ పద్ధతి, రెండూ ఆడించే మిషను అప్పుడు మాకు తెలిసినవాళ్ళెవరి దగ్గరా లేదు. పెట్టె మీద బొమ్మ చూసుకుంటూ చాలాకాలం ఉన్నాం. అమెరికాలో తెలుగువాళ్ళకి ఇదే తిరగేసి జరిగేది, ఇండియన్ గ్రోసరీ షాపుల్లో పప్పుల పక్కన తెలుగు సినిమా క్యాసెట్లు అద్దెకుండేవి, అవి పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చిన కాపీలు. బాబాయి వాళ్ళు శనివారం ఆ షాపులో తెలుగు సినిమా, పక్క వీడియో షాపులో ఇంగ్లీషు సినిమా, రెండూ తెచ్చుకునేవాళ్ళట.

కౌంటర్‌వెనక:
అసలు అద్దెకివ్వడమే మొదట్లో పెద్ద గొడవ. 1977లో ఒక కంపెనీ ఫాక్స్ సినిమాలు 50 లైసెన్సు తీసుకుని క్యాసెట్లుగా అమ్మడం మొదలెట్టింది, లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్‌సన్ అనే ఆయన వాటిని కొని విల్‌షైర్ బులవార్డ్‌లో అద్దె షాపు పెట్టాడు. స్టూడియోలకి నచ్చలేదు. కానీ అమెరికా చట్టం ప్రకారం కొన్న కాపీని కొన్నవాడు అద్దెకిచ్చుకోవచ్చు. ఇంట్లో టీవీ నుంచి రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పాక వీసీఆర్‌కి ఉన్న భయం కూడా పోయింది. ఆ ఒక్క జడ్జీ అటు మొగ్గి ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ఈ హక్కేదీ లేదు, వాళ్ళు తీసేస్తే సినిమా పోయినట్టే, షాపు అరలో ఉన్న క్యాసెట్టుని ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేకపోయేవాళ్ళు. పోస్టులో డిస్కులు పంపే నెట్‌ఫ్లిక్స్ సర్వీసు కూడా 2023 సెప్టెంబరులో ఆపేశారు, నేను చివరి దాకా కట్టాను, పాత సినిమాల కోసమే.

కొత్తమొహం:
ఇదంతా చదివాక ఫుల్ సినిమా చూడకుండా ఉండలేను. ఏ డిస్కు కొనాలి? పాతది చవగ్గా దొరుకుతోంది, 4కే ఉందంటున్నారు, అంత తేడా ఉంటుందా?

టెక్నికలర్:
తేడా ఉంటుంది, ఎందుకో చెప్తాను. ఇది మూడు రీళ్ళ టెక్నికలర్, ఎరుపు ఆకుపచ్చ నీలం వెలుగుని మూడు వేరు వేరు నలుపు తెలుపు ఫిల్ముల మీద తీసి తర్వాత కలిపేవాళ్ళు. ఒరిజినల్ నెగెటివ్ 1978లో రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ హౌస్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది, మిగిలిన కాపీల నుంచే ఈ రోజు మనం చూసేదంతా వచ్చింది. మూడు రంగులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే అంచుల్లో రంగు చారలు కనపడతాయి, క్యాసెట్టులో మనం చూసింది అదే. 2002 డీవీడీకి వార్నర్ వాళ్ళు ఆ మూడింటినీ కంప్యూటర్‌లో సరిచేసి కలిపారు, 2012లో బ్లూరే, 2022లో 70 ఏళ్ళకి 4కే. నీ దగ్గర 4కే ప్లేయర్ ఉంటే అది, లేకపోతే బ్లూరే చాలు. కానీ ఫోన్లో మాత్రం వద్దు తమ్ముడూ, పాదాలు కనపడాలి. ఇంకోటి, ఎక్స్‌ట్రాల్లో డెబ్బీ పాడిన యూ ఆర్ మై లక్కీ స్టార్ పాట ఉంటుంది, సినిమా నుంచి తీసేసింది, కెల్లీ బొమ్మ ఉన్న పోస్టర్ ముందు నిలబడి ఒంటరిగా పాడుతుంది. అది వదలకు.

లేజర్‌డిస్క్ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? క్రైటీరియన్ వాళ్ళు వేశారు, సినిమా చరిత్రకారుడు రోనాల్డ్ హేవర్ వివరించే మాటలు పక్క ఆడియోలో ఉండేవి. డిస్కు లేజర్‌తో చదువుతుంది కాబట్టి ఎంతసేపు పాజ్ చేసినా అరగదు, కౌంటర్‌వెనక గారి క్యాసెట్టుకి వచ్చిన బాధ దానికి లేదు.

కౌంటర్‌వెనక:
మా ప్రొఫెసర్ ఒకాయన దగ్గర ఉండేది, క్లాసులో గోడ పల్టీని ఫ్రేము ఫ్రేముగా చూపించారు. ఒక గోడ మీద ఎక్కి పల్టీ, రెండో గోడ మీద ఎక్కి పల్టీ, మూడోసారి గోడలోంచి బయటికి దూసుకుపోతాడు. క్లాసంతా చప్పట్లు. ఆ పాట తీశాక ఓకానర్ మంచం ఎక్కాడు, తర్వాత తీసిన ఫిల్ము పాడైందని తెలిసి మళ్ళీ మొత్తం చేశాడని ఆయనే చెప్పాడు. ఆ ఏడాది గోల్డెన్ గ్లోబ్ ఆయనకి వచ్చింది, ఆ విషయంలో నాకు తృప్తి.

కొత్తమొహం గారూ, ఇది చూశాక వెంటనే ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్ చూడండి, పూర్తి వెడల్పు తెరతో ఉన్న డిస్కు తీసుకోండి. అదే రచయితలు, అదే ఇద్దరు దర్శకులు, అందులో కెల్లీ రోలర్ స్కేట్ల మీద ట్యాప్ చేస్తాడు. మా షాపులో దాన్ని అడిగినవాళ్ళు చాలా తక్కువ, ఉన్న క్యాసెట్టు కూడా పక్కలు కత్తిరించినదే. దానికి వేరే థ్రెడ్డు మొదలెడదామా బాబు గారూ?

రీలుబాబు:
ఈ వారాంతం చూసి సోమవారం మొదలెడతాను. సీమసందు గారూ మీరూ రావాలి, అందులో బ్యాలే లేదు.